ఆమె మెడలోని సవతి బిళ్ళ

ఇద్దరు దేవేరుల నడుమ నిలబడి, ఇద్దరి అలకనూ మోసి, ఏ ఒక్కరి చెయ్యీ విడవని మల్లన్న స్వామికి ముందుగా నా దండం. మేడలమ్మ కోపం తెలిసినవాడివి, కేతమ్మ కన్నీళ్ళు తెలిసినవాడివి. పసుపు బండారి నుదుట పెట్టుకుని నీ ముందు నిలబడ్డ ప్రతి ఇల్లాలి కడుపులో ఏముందో అడగకుండానే ఎరిగినవాడివి. మా ఇళ్ళలో పొయ్యి దగ్గర పుట్టి పడకటింటి దాకా పాకే మంటను ఆర్పేవాడివి కూడా నువ్వే. నీ పేరు తలవకుండా నేను ఏ పనీ మొదలుపెట్టలేదు. ఈ నాలుగు మాటలూ నీ దయతోనే రాస్తున్నాను.

మా సిరిసిల్ల భజన మండలిలో అందరికంటే పెద్దామె ఈ మాఘమాసంలో వెళ్ళిపోయింది. నొప్పి లేదు, మంచం పట్టలేదు. పొద్దున దేవుడి ముందు దీపం పెట్టి, గోడకు ఒరిగి కూర్చుని, అట్లాగే ఉండిపోయింది. అలాంటి పోక కోసం మా మండలిలో ఎంతోమంది మొక్కుకుంటారు. ఆమె మొక్కుకున్నట్టు నేనెప్పుడూ వినలేదు. అడగకుండానే ఇచ్చాడు స్వామి.

స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళకు ఒక సందేహం వచ్చింది. భర్త పోయినప్పుడే ఆమె పుస్తెలు తీసేశారు. కానీ మెడలో నల్లదారానికి ఒక చిన్న బంగారు బిళ్ళ అట్లాగే ఉంది. తియ్యాలా, ఉంచాలా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని నన్ను పిలిచారు. మండలిలో పురాణం చదివేది నేనే కాబట్టి ఇట్లాంటివి నన్నే అడుగుతారు. ఏ శాస్త్రమూ తిరగేయకుండా ఉంచమన్నాను. దుబాయి నుంచి వచ్చిన కొడుకు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. నా మాట విని తల ఊపాడు. ఆ బిళ్ళ ఆమెతోనే పోయింది.

తెలియనివాళ్ళ కోసం ఆ బిళ్ళ సంగతి చెప్పాలి. మా వైపు కొన్ని ఇళ్ళలో, మొదటి భార్య చనిపోయిన మనిషి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, రెండో భార్య మెడలో పుస్తెలతో పాటు ఒక చిన్న బిళ్ళ కడతారు. దాని మీద ఆడమనిషి బొమ్మ అచ్చు వేసి ఉంటుంది. ఆ బొమ్మ పోయిన పెద్దభార్య. దాన్నే సవతి బిళ్ళ అంటారు. పండక్కి కొత్త చీర వస్తే ముందు పోయినామె పటం ముందు పెట్టి, పసుపు కుంకుమ వేసి, ఆ తర్వాతే బతికున్నామె కట్టుకోవాలి. చచ్చిపోయినా సవతి సవతే కాబట్టి, ఆమె అలిగి ఈ ఇంటి మీద పడకుండా ఈ ఏర్పాటు.

అందుకే ఆమెను చూసిన ఎవరికైనా ఒక సంగతి చెప్పకుండానే తెలిసిపోయేది: ఈమె రెండో భార్య. నిర్మల్ అవతలి ఊరి నుంచి భర్తతో, పసివాడైన కొడుకుతో మా సిరిసిల్లకు వచ్చింది. ఆయన సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. అంతకుముందు సంగతులు ఎవరూ అడగలేదు. బిళ్ళ కనిపిస్తూనే ఉంది, ఇంక అడగడానికి ఏముంది.

ఆ వైపు మాటలో మరాఠీ కలిసి ఉంటుంది. ఆడవాళ్ళందరినీ ఆమె ‘బాయి’ అని పిలిచేది. మనవరాలి వయసు పిల్లయినా, తనకంటే పెద్దదైనా, కూరగాయలమ్మే మనిషైనా బాయే. అట్లా చివరికి ఆమెకే బాయవ్వ అని పేరు పడిపోయింది. పొట్టి మనిషి. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పళ్ళు ఊడిపోయాయని కాదు, గట్టిగా ఉన్నప్పటి నుంచీ అదే అలవాటట. చేతులకు తంబాకు వాసన ఉంటుందని హారతి పళ్ళెం ముట్టుకునే ముందు పసుపు రుద్దుకుని కడుక్కునేది. ఒళ్ళో బీడీల చాట లేకుండా కూర్చోవడం ఆమెకు చేతకాదు. భజనలో చాట ఉండకూడదు కదా, అందుకని కొంగు చివరను తునికాకు చుట్టినట్టు చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ కూర్చునేది.

పురాణం నేను మా బాపు దగ్గర నేర్చుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ రాగం తీయాలో, ఎక్కడ అర్థం చెప్పాలో అన్నీ ఆయన చూపించినవే. నేను అర్థం చెప్పి ఆగగానే వెనక వరుస నుంచి ఆమె అర్థం మొదలయ్యేది. మండలిలో దానికి కింది పురాణం అని పేరు. ఒకసారి, దేవుడు స్వర్గం నుంచి ఒక పువ్వు తెచ్చి ఒక దేవేరికి ఇస్తే ఇంకో దేవేరి అలిగి చీకటి గదిలో పడుకున్న ఘట్టం చదివాను. అసూయ ఎంత చెడ్డదో, భక్తికి అదెట్లా అడ్డమో చాలాసేపు వివరించాను. ముగించి నీళ్ళ చెంబు అందుకుంటుంటే వెనక నుంచి వినిపించింది.

“పువ్వు ఇచ్చుడు తప్పు గాదు బాయి, ఒక్కటే తెచ్చుడు తప్పు. ఇద్దరిని చేసుకున్నోడు అంగడికి పోతె రెండు తేవాల్నా వద్దా?”

ఆడవాళ్ళంతా నవ్వారు. దేవుడికి అంగడి బుద్ధులు చెప్తావా అవ్వా అని నేను కోప్పడ్డాను. దేవునికి తెలుసు, తెలియంది నీకే అన్నది. ఆమె నన్ను పేరుతో పిలవదు, ‘పురాణం’ అంటుంది. ఓ పురాణం, జర నీళ్ళు తాగి చదువు, గొంతు పోతాంది అని నా మీద జాలి కూడా పడేది.

ఇంకోసారి చంద్రుడి కథ వచ్చింది. అంతమంది అక్కచెల్లెళ్ళను పెళ్ళాడి ఒక్కామె ఇంట్లోనే ఉండిపోయాడని మామ శపిస్తే చంద్రుడు క్షీణించిపోయిన కథ. శాపం అవసరమే లేదని ఆమె తేల్చింది. అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారి గుడ్లురిమి చూస్తే ఏ మగాడైనా అమావాస్యే అన్నది. ఆ తర్వాత కొన్నాళ్ళు మా మండలిలో ఎవరి మొగుడైనా చిక్కిపోతే అమావాస్య వచ్చింది అనడం మొదలైంది.

ఏటా మల్లన్న లగ్గం చేయిస్తాం. ఒగ్గు కథ చెప్పేవాళ్ళు వచ్చి నేల మీద రంగుపొడులతో పట్నం వేస్తారు, డోలు మోగుతుంది, స్వామికి ఇద్దరమ్మలతో పెళ్ళవుతుంది. మా ఆడవాళ్ళు ఆ రోజు రెండు జట్లుగా కూర్చుంటారు. పెద్దమ్మ మేడలమ్మ వైపు కొందరు, చిన్నమ్మ గొల్ల కేతమ్మ వైపు కొందరు. ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవడమే పని. బాయవ్వ ఎప్పుడూ కేతమ్మ జట్టే. మీ దగ్గర గొర్రెల వాసన వస్తున్నదని అవతలివాళ్ళంటే, ఆ గొర్రెపాలు తాగితేనే మీ మల్లన్నకు కాళ్ళల్లో బలమొచ్చింది, లేకుంటే మీ మేడ మెట్లు ఎక్కేవాడా అని అడిగేది. చిన్నభార్య కాబట్టి చిన్నమ్మ వైపు కూర్చుంటుందనుకునేవాళ్ళం. అందులో మాకేమీ వింత కనిపించలేదు.

కథలు చెప్పడం ఇంకో ఎత్తు. మధ్యాహ్నం పూట ఆ వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా ఆమె వాకిట్లో చాటలు పెట్టుకుని కూర్చుంటే, రాజుల కథలు చెప్పేది. ఏ కథలోనైనా రాజుకు ఇద్దరు రాణులుంటారు. చిన్న రాణి బిడ్డను కంటే, పెద్ద రాణి ఆ బిడ్డను గంపలో పెట్టి ఏట్లో వదిలేసి, తొట్టెలో రాయి పెట్టి, చిన్న రాణి రాయిని కన్నదని ఊరంతా చెప్పిస్తుంది. బిడ్డ ఎక్కడో పెరిగి పెద్దవాడై వస్తాడు, నిజం బయటపడుతుంది. ఇట్లాంటి కథల్లో ఆ తర్వాత పెద్ద రాణికి గుండు గీయించడం, సున్నపు బొట్లు పెట్టించడం, గాడిద మీద ఊరేగించడం ఉంటుంది. వినేవాళ్ళంతా దానికోసమే ఎదురుచూస్తారు. ఆమె సరిగ్గా అక్కడ ఆపేసేది. బిడ్డ దొరికాడా, దొరికాడు. తల్లి నవ్విందా, నవ్వింది. ఇగ లేవండి, పొయ్యి మీద అన్నం మాడుతున్నది అనేది. మరి పెద్ద రాణి సంగతేందని ఒకామె పట్టుబడితే, “ఆమెకు గూడ ఆకలైతది గద. పోయి అన్నం తిన్నది” అన్నది. అది కథే కాదని వాళ్ళు గొణుక్కుంటూ పోయారు. మరునాడు మళ్ళీ వచ్చారు.

ఇంతవరకే అయితే ఆమె గురించి రాసేవాణ్ణి కాదేమో. మా చెల్లెలు రజిత సంసారం నిలబడిందంటే ఈమె వల్ల. అంటే ఈమె నోటితో స్వామి పలికించడం వల్ల.

రజితకు సంబంధాలు కుదరక ఆలస్యమైంది. చివరికి మంచిర్యాల దగ్గర శ్రీరాంపూర్‌లో బొగ్గుబావిలో పనిచేసే మనిషికి ఇచ్చాం. మొదటి భార్య జబ్బు చేసి పోయింది, బడికి పోయే ఆడపిల్ల ఉంది. మనిషి నెమ్మదస్థుడు. రజిత అన్నీ తెలిసే ఒప్పుకుంది. లగ్గం నాడు అత్తే తన చేతులతో సవతి బిళ్ళ కట్టింది. కట్టించుకునేటప్పుడు మా చెల్లెలికి అది ఇంకొక నగలాగే ఉండిందట.

బతుకమ్మ పండక్కి భర్త చీర తెచ్చాడు. పటం ముందు పెట్టి తీసి కట్టుకున్నాక అది తనది కాదనిపించింది. వంట చేస్తే మా అమ్మ వండినట్టు లేదని పిల్ల కంచం తోసేసింది. భర్త ఎప్పుడైనా తనలో తాను నవ్వుకుంటే, నన్ను చూసి కాదు, ఆమె గుర్తొచ్చి అనుకునేది. ఆ తర్వాత గొంతు బిగుసుకోవడం మొదలైంది. ముద్ద దిగేది కాదు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. సరిగ్గా బిళ్ళ తగిలే చోటే బిగుస్తున్నదని రజిత పట్టు. ఒకరోజు బిళ్ళ దారం తెంపి, రుమాలులో మూటగట్టి, బస్సెక్కి సిరిసిల్లకు వచ్చేసింది. అత్త ఫోన్ చేసి, బిళ్ళ కట్టుకుంటేనే గడప ఎక్కమను, లేకుంటే అక్కడే ఉండమను అని నాతో చెప్పింది. భర్త ఆ పక్కనే ఉన్నాడు. దగ్గు వినిపించింది గానీ మాట వినిపించలేదు.

నేను చెల్లెల్ని కూర్చోబెట్టి భార్య ధర్మం గురించి, ఓర్పు గురించి, అసూయను గెలిచిన ఇల్లాళ్ళ గురించి నాకు తెలిసిన పురాణమంతా చెప్పాను. చెప్పడం పూర్తి చేసి చూస్తే గోడకానుకుని నిద్రపోతున్నది. మా అవ్వ, అంటే మా అమ్మ, రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కింది. ఇద్దరమూ చేయగలిగింది అంతే. ఇట్లా నెల గడిస్తే అక్కడివాళ్ళు ఈ పెళ్ళి వద్దనుకుంటారని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడు బాయవ్వ గుర్తొచ్చింది. ఆమె కూడా బిళ్ళ కట్టుకున్న మనిషే. ఇన్నేళ్ళు హాయిగా మోసింది. సర్దుకుపొమ్మని నాలుగు మాటలు చెప్తుందనే ఆశతో రజితను తీసుకుపోయాను.

ఆమె బీడీలు చుడుతూనే అంతా విన్నది. మధ్యలో ఒక్కసారీ తల ఎత్తలేదు. చివర్లో బిళ్ళ చూపించమన్నది. రజిత రుమాలు విప్పితే అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

“నీ మీద అలిగిందంటవు. నీకెట్ల ఎర్క?”

“గొంతు పడతాందవ్వా. నేను సుఖంగ ఉండుడు ఆమెకు ఇష్టం లేదు” అన్నది రజిత.

“ఆమె పేరేంది బాయి?”

రజిత నా వైపు చూసింది. పేరు తెలియక కాదు. ఆ ఇంట్లో అందరూ ఆమె అనో, పెద్దామె అనో అంటారు తప్ప పేరు పలకరు. పలికితే వస్తుందేమోనని తనకు కూడా బుగులట. ఆ మాట మెల్లగా చెప్పింది.

బాయవ్వ చాట ఒళ్ళోంచి దించి పక్కన పెట్టింది. అట్లా దించడం నేను చూడటం అదే మొదటిసారి.

“ఓ పురాణం, నువ్వు గూడ ఇను. నేను చిన్నదాన్ని గాదు. నేనే పెద్దదాన్ని.”

నాకు అర్థం కాలేదు. ఆమె తన మెడలోని బిళ్ళ వేలితో ఎత్తి చూపింది. “ఇది నా మీదికి వచ్చినామె. నా చెల్లె. ఆమె పోయినంక నేనే చేపిచ్చుకున్న.”

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా ఆమె మాటల్లోనే రాస్తే బాగుండేది, నాకు అంత గుర్తు లేదు. పెళ్ళయి ఎన్నేళ్ళకూ ఆమెకు పిల్లలు కాలేదు. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, ఆమెను అడిగే చేసుకున్నాడు. అడిగితే కాదనడానికి ఆమె దగ్గర ఏముంది. చిన్నామె గడప తొక్కిన రోజు నుంచి ఈమె ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో ఒక బర్రె ఉండేది. చెప్పాల్సిందంతా బర్రెకు చెప్పేది. ఓ బర్రె, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పు. చిన్నామె తక్కువ తిన్నదేం కాదు, ఆమె కూడా వచ్చి బర్రెకే జవాబిచ్చేది. ఓ బర్రె, రేపటి సంది ఉప్పుడబ్బ ఆమె దగ్గరనే పెట్టుకొమ్మను. చెప్పడానికి పోయిన ప్రతిసారీ ఊరికే నిలబడటం బాగుండదని ఇద్దరూ దానికి ఇంత గడ్డి వేసేవాళ్ళు. ఆ ఊళ్ళో అంత బలిసిన బర్రె ఇంకొకటి లేదట. రజిత నవ్వింది. పుట్టింటికి వచ్చాక నవ్వడం అదే మొదలు.

“తర్వాత బర్రెను అమ్మిండు మా ఆయన. ఇగ మాట్లాడక తప్పలే. మొదటి మాట ఏమన్ననో ఎర్కనా? పాలెట్ల మరి, అన్న. గంతే. ఆమె ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన. ఎందుకేడ్సినమో ఇప్పటికి తెల్వదు.”

అక్కడి నుంచి ఇద్దరూ కలిసిపోయారు. చిన్నామెకు కొడుకు పుట్టాడు. వాడు పాకే వయసులో ఆమెకు జ్వరం తగిలి పోయింది. తలుపు దగ్గర నిలబడి ఏడ్చిన దుబాయి కొడుకు ఆ పిల్లవాడే. దినాలయ్యాక ఈమె బంగారప్పని చేసే ఔసులాయన దగ్గరికి పోయి బిళ్ళ చేయమన్నది. చిన్నామె పెద్దామెది కట్టుకోవడం ఉంది గానీ, పెద్దామె చిన్నామెది కట్టుకునే రివాజు ఎక్కడా లేదని ఆయన పనిముట్లు పక్కన పెట్టాడు. “రివాజు నీది, సవతి నాది. అచ్చు కొట్టు” అన్నదట.

ఇన్నేళ్ళు మేమందరం నిన్ను రెండో భార్య అనుకున్నాం, ఒక్కసారైనా చెప్పలేదేందవ్వా అని అడిగాను.

“అనుకుంటె ఏమైతది? రెండో పెండ్లామంటె ఆమె గద. నన్ను చూసి ఆమెను తల్సుకున్నట్టె ఆయె.”

రజిత మాత్రం తన సంగతి మరిచిపోలేదు. అయితే నన్ను కూడా కట్టుకొమ్మంటావా అని అడిగింది.

“నేనెందుకంట? నేను నా సవతిని చూసిన, కొట్లాడిన, తల దువ్విన. నువ్వు నీ సవతిని చూడనే లేదు. చూడని మనిషిని మెడకు కట్టుకుంటె బరువు గాదా? కట్టింది ఎవరు?”

“మా అత్త.”

“అయితె సచ్చినామెను ఎందుకు ఆడిపోసుకుంటున్నవు? అడుగవల్సింది బతికున్నామెను. పా, శ్రీరాంపూర్ పోదాం.”

ఆమె అట్లా అంటుందని నేను అనుకోలేదు. మరునాడు పొద్దున్నే సర్వపిండి రొట్టెల మూటతో బస్టాండులో నిలబడి ఉంది. కరీంనగర్‌లో బస్సు మారాం. మంచిర్యాల ముందు గోదావరి వంతెన మీదికి రాగానే కిటికీలోంచి దండం పెట్టి, పక్క సీట్లలో ఉన్న ఆడవాళ్ళందరి చేతా పెట్టించింది. రజిత ఒక్కతే ఒళ్ళో చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. నాకూ భయంగానే ఉంది. వాళ్ళు గుమ్మంలోనే ఆపేస్తే చెల్లెల్ని వెనక్కి ఎట్లా తీసుకురావాలా అని లోపల స్వామిని అడుగుతున్నాను.

ఆపలేదు. అత్త మంచం వాల్చింది, నీళ్ళిచ్చింది. కానీ రజిత వైపు చూడలేదు. మాట్లాడేదంతా నాతోనే. మీ చెల్లెకు చెప్పండి, ఈ ఇంటి పద్ధతి ఇది అన్నది. రజిత కూడా నాతోనే, అన్నా, నా గొంతు సంగతి ఆమెకు చెప్పు అన్నది. ఆమె ఇటు చెప్పమంటుంది, ఈమె అటు చెప్పమంటుంది. నేను మధ్యలో కూర్చుని రెండు వైపులా తల తిప్పుతున్నాను.

బాయవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఓ పురాణం, బర్రెవైతివి గద” అన్నది.

రజితకు నవ్వాగలేదు. అత్త బిత్తరపోయి చూసింది. బాయవ్వ ఆమెకు ఆ బర్రె కథంతా మొదటి నుంచి చెప్పింది. అత్త కూడా కొంచెం నవ్వినట్టయింది. అప్పుడు బాయవ్వ మంచం మీద ఆమెకు దగ్గరగా జరిగింది.

“ఒక్క మాట అడుగుత బాయి. గీ బిళ్ళ పోయినామె కోసమా, మనుమరాలి కోసమా?”

అత్త లోపలికి చూసింది. పిల్ల బడినుంచి వచ్చి లోపలి గుమ్మంలో పుస్తకాల సంచి విప్పుకుంటున్నది.

“సవతి తల్లి సంగతి ఎవరికి తెల్వదవ్వా? చిన్నప్పటి సంది కథలల్ల ఇన్నదే. పిల్ల మీద చెయ్యెత్తెటప్పుడన్న మెడల గా బొమ్మ తగిలి ఆగుతదని కట్టిన. నేను ఎన్నొద్దులుంట? నా తర్వాత దానికి ఎవరున్నరు?”

అదీ సంగతి. పోయినామె అలుగుతుందని కాదు. బతికున్నామె మీద నమ్మకం లేక కట్టిన పగ్గం అది. పురాణాల్లో ఎంత వెదికినా ఈ భయం నాకు దొరికేది కాదు. రజిత మొహం ఎర్రబడింది. కోపంతో లేచి పోతుందనుకున్నాను.

“గా కథలు చెప్పేదాన్ని నేనే” అన్నది బాయవ్వ. “కథల ఉండే పెద్ద రాణిని గూడ నేనే. నా సవతి కొడుకు దుబాయిల ఉన్నడు. రోజు ఫోన్ చేసి తిన్నవా అని అడుగుతడు. గిది ఏ కథల చెప్తరు బాయి?”

అత్త కళ్ళు తుడుచుకుంది. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. అప్పుడు రజిత, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి, నన్ను దాటి నేరుగా అత్తతో మాట్లాడింది.

“అత్తా, స్వరూపక్క ఎట్ల నవ్వుతదో నాకు తెల్వదు. ఏం ఇష్టంగ తింటదో తెల్వదు. పిల్లకు ఏం వండిపెట్టేదో తెల్వదు. ఒక్కలు గూడ చెప్పలే. బొమ్మ మాత్రం కట్టిండ్రు.”

ఆ పేరు వినగానే అత్త రెండు చేతులతో మొహం కప్పుకుంది. కోడలు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు, కొడుకు ముందు పలికితే వాడు తట్టుకోలేడని, పిల్ల ముందు పలికితే అది అడుగుతుందని. ఏడుపు తగ్గాక ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. స్వరూప వాకిలి ఊడుస్తూ పాటలు పాడేది, ఒక్క పాటా సరిగ్గా వచ్చేది కాదు. పచ్చి చింతకాయ ఉప్పుతో నూరుకుని అన్నం కంటే ముందు అదే తినేది. పిల్లకు పప్పులో ఇంత బెల్లం వేసేది. అత్త వద్దంటే వెనక్కి తిరిగి ఇంకొంచెం వేసేది.

లోపలి గుమ్మంలో సంచి చప్పుడు ఆగింది. పిల్ల వచ్చి నిలబడింది. మా అమ్మకు పాటలు రాకపోయేదా అని అడిగింది. అస్సలు రాకపోయేది బిడ్డా, కుక్కలు మొరిగేటివి అన్నది నానమ్మ. పిల్ల నవ్వింది, నానమ్మ నవ్వింది, మేమందరం నవ్వాం.

రజిత లేచి వంటింట్లోకి పోయింది. పప్పులో బెల్లం ఎంత వెయ్యాలో అడగడానికి పిల్లను పిలిచింది. వాళ్ళిద్దరూ లోపల ఉండగానే అత్త, రజిత మంచం మీద వదిలిన రుమాలులోంచి బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని, దేవుడి గూట్లో మల్లన్న పక్కన పెట్టింది. ఇక్కడుండనీ, రోజూ దీపం చూస్తది అన్నది, నాతో కాదు, బాయవ్వతో కూడా కాదు. చీరలు పటం ముందు పెట్టే పద్ధతి మాత్రం ఉంటుందని వంటింటి వైపు తిరిగి గట్టిగా చెప్పింది. ఉండనీ అత్తా, అన్నది లోపలి నుంచి రజిత.

భర్త డ్యూటీ దిగి వచ్చాడు. మమ్మల్ని చూసి, దేవుడి గూడు చూసి, వంటింట్లోంచి వచ్చే మాటలు విని, ఏం జరిగిందో అడగకుండా చాయ్ తాగారా అని మాత్రం అడిగాడు. గొంతు సంగతి నేను రజితను అడగలేదు. ఆ సాయంత్రం మారు అన్నం వడ్డించుకుని తిన్నది చూసి, పక్కకు తిరిగి స్వామికి దండం పెట్టుకున్నాను. అంత తేలిక నా జీవితంలో ఇంకెప్పుడూ అనిపించలేదు.

తిరుగు బస్సులో బాయవ్వకు నేను కృతజ్ఞత చెప్పబోయాను. సర్వపిండి మూట అక్కడే మరిచిపోయామని ఆమె దారంతా నన్ను తిట్టింది.

ఇది జరిగి కొంతకాలమైంది. ఈ మాఘంలో ఆమె పోయిన కబురు తెలిసి రజిత శ్రీరాంపూర్ నుంచి వచ్చింది. అత్తా వచ్చింది, పిల్లా వచ్చింది. దినాలయ్యాక వాళ్ళను బస్సెక్కించడానికి పోయాను. చలిగాలికి పిల్లకు స్వెటర్ వెయ్యమని అత్త, బస్సులో ఉక్కపోస్తది వద్దని రజిత. వేస్తే చెమట పడుతుందని ఒకరు, వెయ్యకపోతే దగ్గు వస్తుందని ఒకరు. స్వెటర్ ఇద్దరి చేతుల్లో చెరొక వైపు ఉంది. పిల్ల వాళ్ళను వదిలేసి కిటికీ సీట్లో కూర్చుని అరటిపండు తింటున్నది. కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి చూశాడు.

“తల్లీబిడ్డలా?” అని అడిగాడు.

“కాదు, అత్తకోడళ్ళం” అన్నారు ఇద్దరూ ఒకేసారి. అని మళ్ళీ స్వెటర్ దగ్గరికి వచ్చారు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా వాళ్ళ గొంతులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ కొట్లాట వింటూ బస్టాండులో నిలబడి నేను నవ్వుకున్నాను, ఏడ్చాను కూడా.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఉన్నచోటనే ఒక్క క్షణం ఆగండి. చేతిలో పని ఉంటే పక్కన పెట్టండి. నాతో పాటు మెల్లగా అనండి: స్వామీ, మా ఇంట్లో ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడని వాళ్ళకు ఈ పూట మొదటి మాట ఇవ్వు. అది ఎంత చిన్న మాటైనా సరే. బతికున్నవాళ్ళ భయం బతికున్నవాళ్ళతోనే చెప్పుకునే ధైర్యం ఇవ్వు. నీ దగ్గరికి వచ్చిన ఆ పెద్దామెను, ఆమెకంటే ముందే వచ్చిన ఆమె చెల్లెను, నీ రెండు పక్కలా కూర్చోబెట్టుకో.